ఊరి చెరువుకు కాపలా: నీటి పక్షుల కోసం స్వచ్ఛంద బృందాన్ని నడిపే తీరు

చెరువును బాగు చేద్దామని నలుగురు కలిస్తే మొదట వచ్చే ఆలోచనలు దాదాపు అన్ని ఊళ్లలోనూ ఒకటే. కట్ట మీద మొక్కలు నాటాలి, దరి వెంట పెరిగిన పిచ్చి గడ్డి తీసేయాలి, నడక దారి వేయాలి, బెంచీలు పెట్టాలి. ఉద్దేశం మంచిదే. కాని చూడకుండా, ఆలోచించకుండా చేస్తే ఈ పనులే పక్షులను తరిమేస్తాయి. చెరువులో ప్రాణం ఎక్కువగా ఉండేది నీరు, నేల కలిసే అంచులో: చీలమండ లోతు నుంచి మోకాలి లోతు వరకు, జమ్ము, తుంగ, బురద కలగలిసిన ఆ పల్చటి పట్టీలో. కప్పలు గుడ్లు పెట్టేది అక్కడే, చేప పిల్లలు దాక్కునేది అక్కడే, కొంగలు మేసేది అక్కడే. చూడటానికి చిందరవందరగా ఉంటుంది కాబట్టి అందరికంటే ముందు దాని మీదే చెయ్యి పడుతుంది. ఆ అంచును ఏడాది పొడవునా కాపాడుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ మార్గదర్శి.

మొదటి అడుగు: ఒక్క చెరువునే ఎంచుకోండి

ఇంటి నుంచి సైకిల్ మీద పావుగంటలో చేరగలిగిన చెరువు చాలు. దూరంలో ఉన్న పేరున్న జలాశయానికి నెలకోసారి వెళ్లడం కంటే పక్కనున్న చిన్న చెరువుకు వారంవారం వెళ్లడం వల్లే పని జరుగుతుంది. చిన్నదని తక్కువగా చూడకండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో వందల గూడబాతులు (పెలికాన్‌లు), ఎర్రకాళ్ల కొంగలు చేరేది ఊరి మంచినీటి చెరువుల్లోనే. అక్కడ వాలడానికి చెట్లు చాలక కృత్రిమ స్థావరాలు కూడా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో పక్షులు ఊరినే నమ్ముకుని ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలను ఊరివాళ్లు తమ అతిథులుగా చూసుకుంటారు. ఇవన్నీ సాధారణమైన ఊళ్లే. అక్కడి జనం పక్షుల జోలికి పోకూడదని గట్టిగా అనుకున్నారు, అంతే.

రెండో అడుగు: చేతులు కట్టుకుని చూడండి

పని మొదలుపెట్టే ముందు కనీసం ఒక కాలం గడవనివ్వండి. వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడూ చూడగలిగితే ఇంకా మంచిది. ఈలోగా ఒక పెద్ద కాగితం మీద చెరువు పటం గీయండి. కట్ట ఎటుంది, తూములు ఎన్ని, అలుగు లేదా మత్తడి ఎక్కడ, వాగు నీరు ఏ మూల నుంచి వస్తుంది, ఊరి మురుగు ఏ కాలువలో కలుస్తుంది, గేదెలు ఎక్కడ దిగుతాయి, బట్టలు ఉతికే రేవు ఏది, బతుకమ్మ లేదా వినాయక నిమజ్జనం ఏ చోట జరుగుతుంది అన్నీ అందులో ఉండాలి. ప్రతి ఊళ్లో నీటి లెక్క తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉంటారు. ఒకప్పుడు ఆ పని చేసిన నీరటి లేదా నీరుగంటి కుటుంబం ఇంకా ఊళ్లో ఉంటే వాళ్లను వెంటబెట్టుకుని కట్ట మీద నడవండి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందో వాళ్లు కాలితో చూపిస్తారు. ఆ గీతను పటంలో ఎర్ర పెన్సిల్‌తో గీయండి. ముందుముందు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది అదే.

తరువాత పటాన్ని నాలుగు పట్టీలుగా విడదీయండి. తడిసి ఆరిన బురద ఒకటి: అక్కడ ఉల్లంకి పిట్టలు, తీతువులు. మోకాలి లోతు నీరు రెండోది: కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, వంకర ముక్కున్న కంకణాల పక్షులు. జమ్ము, తుంగ, కలువ ఆకులు ఉన్నది మూడోది: నీటికోళ్లు, పొడుగు వేళ్లతో ఆకుల మీద నడిచే జకానాలు. లోతైన నీరు నాలుగోది: నీటికాకులు, మునుగుడు కోళ్లు, గూడబాతులు, చలికాలంలో వచ్చే బాతులు. ప్రతిసారీ ఏ పక్షి ఏ పట్టీలో కనిపించిందో రాసుకుంటూ పోతే కొన్ని నెలల్లోనే మీ చెరువుకు ఏది ముఖ్యమో బయటపడుతుంది.

చూడటం అంటే ఎంత దగ్గరగా చూడాలో ఒక్క ఉదాహరణ చెబుతాను. వేసవిలో చెరువు గర్భం ఎండిన చోట తీతువు గుడ్లు పెడుతుంది. గూడు అంటూ ఏమీ ఉండదు. నేలలో చిన్న గుంట, చుట్టూ కాసిని గులకరాళ్లు, మట్టిపెళ్లలు. సాధారణంగా నాలుగు గుడ్లు, సన్నటి కొసలు లోపలికి తిప్పి పూరేకుల్లా అమర్చి ఉంటాయి. మట్టి రంగు మీద నల్లటి మచ్చలతో ఉండటం వల్ల రెండడుగుల దూరం నుంచి కూడా కనిపించవు. తల్లి తలపై తిరుగుతూ గోల చేస్తుంటే, కొంచెం దూరంలో నేల మీద రెక్క విరిగినట్టు నటిస్తుంటే, మీరు గుడ్లకు దగ్గరగా ఉన్నారని అర్థం. అక్కడే ఆగి, కాలు పెట్టే చోటు చూసుకుంటూ, వచ్చిన అడుగుల మీదుగానే వెనక్కి వెళ్లండి. చెత్త ఏరడానికి ముప్పై మంది వరసగా ఆ నేల మీద నడిస్తే ఏమవుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

మూడో అడుగు: చెరువు ఎవరి చేతుల్లో ఉందో తెలుసుకోండి

చెరువుకు యజమానులు చాలామంది. నీరు, కట్ట, తూము నీటిపారుదల శాఖవి. శిఖం భూమి, అంటే చెరువు నీరు పరుచుకునే భూమి, లెక్కలు రెవెన్యూ శాఖ దగ్గర ఉంటాయి. చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానికో, వేలంలో పాడుకున్నవారికో ఉంటుంది. ఆయకట్టు రైతుల మాట నీటి సంఘం ద్వారా వస్తుంది. మురుగు పంచాయతీ లేదా మున్సిపాలిటీ బాధ్యత. పక్షులు, తాబేళ్లు, పాములు అటవీ శాఖ పరిధిలోకి వస్తాయి. ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టిన పని ఏదో ఒకరోజు ఎవరో ఒకరి అభ్యంతరంతో ఆగిపోతుంది. అందుకే ఒక పేజీ ఉత్తరం రాయండి: మేము ఎవరం, ఏ రోజుల్లో వస్తాం, ఏం చేస్తాం, ఏం చేయబోం. పంచాయతీ కార్యదర్శికి, నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కి, అటవీ రేంజి అధికారికి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి.

వీటన్నిటికంటే ముందు మత్స్యకారులను కలవండి. ముదిరాజులు, గంగపుత్రులు, బెస్తలు, ఎవరైనా సరే, చెరువు మీద బతికే కుటుంబాలు ఒప్పుకోని పని నిలబడదు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న న్యాయమైనదే.

"మేము అప్పు చేసి చేప పిల్లలు వేస్తే మీ పక్షులు తినేస్తున్నాయి బాబూ. వాటిని కాపాడతామంటారా?"

దీనికి పక్షుల గొప్పతనం మీద ఉపన్యాసం ఇస్తే ఆయన లేచి వెళ్లిపోతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: "నిజమే పెద్దయ్యా, నీటికాకి, గూడబాతు చేపలే తింటాయి. కాని అన్నీ అలా కాదు. నత్తగుల్ల కొంగ నత్తలు తింటుంది. గుడ్డికొంగ చిన్న చేపలతో పాటు కప్పలు, పురుగులు కూడా తింటుంది. మేము రాసుకున్న లెక్క చూపిస్తాం, ఏవి ఎన్ని వస్తున్నాయో మీరే చూడండి." చేప పిల్లలను మరీ చిన్నవిగా ఉన్నప్పుడు కాకుండా కాస్త పెంచి వదిలితే నష్టం తగ్గుతుంది, లోతు తక్కువున్న ఒక మూల వలలు వేయకుండా పక్షులకు వదిలేస్తే మిగతా చోట గొడవ తగ్గుతుంది. ఇలాంటి ఒప్పందాలు నోటిమాటగానే కుదురుతాయి, నోటిమాటగానే నిలుస్తాయి. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలానికి బలమని రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. తమిళనాడులోని వేడంతాంగల్ చెరువు పక్షులను కాపాడుకునే హక్కు కోసం అక్కడి రైతులు 1798లోనే చెంగల్పట్టు కలెక్టరు నుంచి పత్రం రాయించుకున్నారు. ఆయకట్టు రైతులతో మాట్లాడేటప్పుడు ఈ కథ బాగా పనికొస్తుంది.

నాలుగో అడుగు: బృందం

ఆరేడుగురు నిలకడగా వచ్చేవాళ్లు ఉంటే చాలు. వంద మంది వాట్సాప్ గ్రూపు చెరువును కాపాడదు. ఒకరు లెక్క పుస్తకం చూసుకోవాలి, ఒకరు అధికారులతో మాట్లాడాలి, ఒకరు పనిముట్లు, చేతి తొడుగులు, ప్రథమ చికిత్స పెట్టె బాధ్యత తీసుకోవాలి, ఊళ్లో అందరికీ తెలిసిన ఒకరు మాట కలపాలి. స్త్రీలు లేకుండా బృందం కట్టకండి. రేవులో ఏం మారిందో, ఏ కాలువ నీరు కంపు కొడుతోందో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే.

భద్రత విషయంలో మొహమాటపడొద్దు. మన చెరువుల్లో మట్టి తవ్విన గుంతలు నీటి అడుగున కనిపించవు. ఏటా పిల్లలు మునిగిపోయేది వాటిలోనే. నడుము లోతు దాటి ఎవరూ దిగకూడదు. దిగేవాళ్లు ఈత వచ్చినవాళ్లయినా సరే నడుముకు తాడు, ఒడ్డున మనిషి ఉండాలి. లోపలికి వెళ్లాల్సిన పని ఉంటే మత్స్యకారుల తెప్ప మీద, వాళ్లతోనే వెళ్లండి, వాళ్ల కూలి వాళ్లకు ఇవ్వండి. కాలికి పుండు, గాయం ఉన్నవాళ్లు మురికినీటిలో దిగకూడదు; లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు అలాగే పట్టుకుంటాయి. కట్ట మీది గడ్డిలో, రాళ్ల సందుల్లో రక్తపింజరి, తాచు ఉంటాయి. పొడుగు బూట్లు వేసుకోండి, చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. పాము కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. మనిషిని కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, పాము విషానికి మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. ఆ ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

ఐదో అడుగు: లెక్క

పక్షుల లెక్క లేని బృందం మాటకు అధికారుల దగ్గర బలం ఉండదు. లెక్క కష్టమేమీ కాదు. ఒక జత బైనాక్యులర్లు (8x42 అని రాసి ఉన్నవి ఈ పనికి సరిపోతాయి), ఒక పుస్తకం, ఇద్దరు మనుషులు. ఒకరు చూస్తూ చెప్పాలి, ఇంకొకరు రాయాలి. తెల్లవారిన మొదటి రెండు గంటల్లో చేయండి. పొద్దున సూర్యుడు వీపు వెనక ఉండేలా చెరువుకు తూర్పు ఒడ్డున నిలబడితే పక్షుల రంగులు తెలుస్తాయి. ఎదురుగా ఉంటే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. ఎప్పుడూ అవే చోట్ల, అంతే సేపు నిలబడండి. అప్పుడే ఈ ఏటి లెక్కను నిరుటి లెక్కతో పోల్చవచ్చు.

పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కించలేం. ముందు పది పక్షులు ఎంత మేర ఉన్నాయో కంటితో కొలవండి. అలాంటి పది మేరలు కలిపితే వంద. ఆ వంద మేర గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. ఇద్దరు విడివిడిగా చేసి పోల్చుకుంటే కొద్ది వారాల్లోనే కన్ను కుదురుతుంది. గుర్తుపట్టలేని పక్షి పేరు ఊహించి రాయకండి. "చిన్న బాతు, గోధుమ రంగు, నలభై" అని రాస్తే అదీ పనికొచ్చే సమాచారమే.

ఇళ్లలో పుస్తకంగానే ఉంచకుండా లెక్కను ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో నమోదు చేయండి. మీ చెరువు పేరుతో ఏళ్ల సమాచారం ఒకచోట పోగవుతుంది, ఎవరైనా చూడవచ్చు. ఏటా జనవరిలో ఆసియా జలపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి నడుస్తున్న ఈ గణనలో స్వచ్ఛంద సేవకులే ప్రధానం. సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చిన పిల్లలను తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి పని లేదు. ఆ రోజుల్లోనే తలపై రెండు నల్ల చారలున్న పట్టీతల బాతులు మన చెరువుల్లో కనిపించవచ్చు. మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వచ్చిన పక్షి మన ఊరి వరి కొయ్యకాళ్లలో గడ్డి మేస్తోందని తెలిసిన పిల్లవాడు చెరువులోకి రాయి విసరడు.

ఆరో అడుగు: ఏ నెలలో ఏ పని

చెరువు పనుల్లో ఎక్కువ హాని అదను తప్పడం వల్లే జరుగుతుంది. ఈ పట్టికను మీ ఊరి వానలను బట్టి కాస్త అటూ ఇటూ మార్చుకోండి.

మృగశిర కార్తె నుంచి సెప్టెంబరు దాకా, కొత్త నీరు వచ్చే కాలం. జకానాలు, నీటికోళ్లు, మునుగుడు కోళ్లు ఆకుల మీదా జమ్ము మధ్యా తేలే గూళ్లు కడతాయి. ఈ నెలల్లో నీటి మొక్కల జోలికి పోవద్దు. చేయాల్సినది వాగు దారిలో అడ్డుపడిన ప్లాస్టిక్, చెత్త తీసేయడం. అదీ మొదటి పెద్ద వాన పడకముందే. ఒకసారి చెరువులోకి కొట్టుకొచ్చిన చెత్తను తీయడం పదింతల పని.

వినాయక చవితి, బతుకమ్మ ఈ కాలం చివర్లో వస్తాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలకు వేరే గుంట లేదా తొట్టి ఏర్పాటు చేయమని నెల ముందే పంచాయతీని అడగండి, పండగ ముందు రోజు కాదు. తంగేడు, గునుగు పూలతో ఏ పేచీ లేదు. వాటితో వచ్చే ప్లాస్టిక్ పళ్లేలు, అగరుబత్తి కవర్లు ఒడ్డునే తీసుకోవడానికి రెండు బుట్టలు, ఇద్దరు మనుషులు చాలు. నిమజ్జనం అయిన మర్నాడే ఇనుప చట్రాలు, రంగు బట్టలు తీయించండి.

అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షుల కాలం. చాలాచోట్ల గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టేదీ అప్పుడే. లెక్కకు, పిల్లలకు చూపించడానికి, కాపలాకు ఇది అదను. పెద్ద శుభ్రత కార్యక్రమాలు, టపాసులు, డీజేలు, డ్రోన్లు వద్దు. డ్రోను పైకి లేస్తే గద్ద వచ్చినట్టే పక్షులు బెదిరి గూళ్లు వదిలేస్తాయి. ఆ కొద్ది నిమిషాల్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఫొటోలు తీసేవాళ్లకు కట్ట మీద ఒక చోటు చూపించి, అక్కడి నుంచే తీసుకోమని మర్యాదగా చెప్పండి.

ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గుతుంది. గుర్రపుడెక్క తీయడానికి, వలలు, గాజు పెంకులు ఏరడానికి ఇదే సరైన సమయం. కాని ఎండిన గర్భంలో తీతువు గుడ్లుంటాయి. ముందురోజు సాయంత్రం ఇద్దరు నడిచి చూసి, గూడున్న చోటుకు దూరంగా కర్రలు పాతి హద్దు పెట్టాకే మిగతావారిని దించండి. పొద్దున తొమ్మిది లోపు పని ముగించేయండి.

పూడికతీత కూడా ఈ నెలల్లోనే జరుగుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయతో వేల చెరువుల్లో ఒండ్రు పొలాలకు చేరింది, మంచి పని. అయితే జేసీబీ అంచుదాకా నిలువుగా తవ్వేస్తే మోకాలి లోతు పట్టీ మొత్తం పోతుంది, చెరువు తొట్టిలా మిగులుతుంది. కొంగకు కాలు ఆనదు, పశువు దిగలేదు, పిల్లవాడు జారితే పైకి రాలేడు. పని మొదలయ్యే ముందే ఏఈని కలిసి, వాగు వచ్చే వైపు అంచును వాలుగానే ఉంచమని, మధ్యలో ఒకటి రెండు మట్టి దిబ్బలు వదలమని రాతపూర్వకంగా అడగండి. దీని కోసం గట్టిగా పట్టుబట్టండి. ఒక్క వారంలో పోయిన వాలు మళ్లీ ఏర్పడటానికి తరాలు పడుతుంది.

ఏడో అడుగు: గుర్రపుడెక్క

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క ఊదారంగు పూలతో చూడముచ్చటగా ఉంటుంది. దట్టంగా పరుచుకుంటే కింద నీటికి వెలుతురు, గాలి అందవు, చేపలు చస్తాయి, మునిగి మేసే పక్షులు వెళ్లిపోతాయి. ఒకదాన్ని పైకి లాగి చూడండి. కాడ అడుగున ఉబ్బిన తిత్తి ఉంటుంది, నొక్కితే స్పాంజిలా మెత్తగా లోపల గాలి. కింద నల్లటి వేళ్ల కుచ్చు. పక్కకు సాగిన తీగ చివర అప్పటికే ఒక పిల్ల మొక్క. ఆ తీగ తెగి నీటిలో మిగిలితే కొద్ది వారాల్లో మళ్లీ అదే తంతు. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. అందుకే ఇది ఒక్కసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు.

గాలి మొక్కలను ఏ ఒడ్డుకు నెడుతుందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. వెదురు బొంగులను తాడుతో కట్టి నీటి మీద అడ్డుగా వేస్తే తీసిన చోటికి మళ్లీ తేలి రావు. పొడవాటి కర్రకు కట్టిన కొక్కెంతో లాగండి, వేళ్లతో సహా రావాలి. ఒక్కసారే మొత్తం తీయకండి. మూడో వంతు తీసి, కొన్ని వారాలు ఆగి, మళ్లీ మూడో వంతు తీయండి. ఏ పక్షి అయినా అందులో తలదాచుకుంటే మారడానికి వ్యవధి ఉంటుంది. తీసినదాన్ని గట్టున పడేస్తే వానకు తిరిగి చెరువులోకే చేరుతుంది. పటంలో గీసిన ఎర్ర గీతకు అవతల ఎండబెట్టి, పేడతో కలిపి గుంటలో కంపోస్టు చేయండి. ఊరి మురుగు, ఫ్యాక్టరీ నీరు కలిసే చెరువైతే పశువులకు మేపొద్దు. కలుపు మందులు కొట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. చచ్చిన మొక్కలు నీటిలోనే కుళ్లి మిగిలిన చేపలనూ చంపుతాయి.

కలువ, తామర, తుంగ, జమ్ము గుర్రపుడెక్క కావు. జమ్ము చెరువంతా ఆక్రమిస్తుంటే కొంత కోయవచ్చు, కాని కొన్ని గుబుర్లు ఎప్పుడూ ఉండాలి. అసలు గుర్రపుడెక్క అంత బలంగా పెరుగుతోందంటే చెరువులోకి మురుగు వస్తోందని. అది ఆగేదాకా మీ శ్రమంతా మళ్లీ మళ్లీ చేయాల్సిందే.

ఎనిమిదో అడుగు: నాటడం, వదలడం

కట్ట మీద పెద్ద చెట్లు నాటకండి. వేళ్లు కట్టను గుల్ల చేస్తాయి, చెట్టు చచ్చాక ఆ దారుల్లోనే నీరు ఊరుతుంది. పక్షులకు గూటి చెట్లు కావాలంటే వాగు వచ్చే వైపు, నీటిలో కొంతకాలం మునిగినా బతికే చెట్లు కావాలి. నల్లతుమ్మ అందుకు తగినది. దాని ముళ్ల వల్ల గూళ్లకు రక్షణ కూడా. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టేది నీటిలో నిలిచే కడప చెట్ల మీద. గట్టుకు అవతల తెల్లమద్ది, నేరేడు, కానుగ, ఈత పెట్టవచ్చు. సర్కారు తుమ్మ వద్దు. అది ఇప్పటికే అల్లుకుపోయి ఉంటే, అందులో గూళ్లున్నాయేమో చూసి, పక్కన వేరే చెట్లు ఎదిగాకే కొద్దికొద్దిగా తీయించండి.

పుణ్యమని తెచ్చిన అక్వేరియం చేపలు, ఎర్ర చెవి తాబేళ్లను చెరువులో వదలనివ్వకండి. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలో నిషేధం. అది చెరువులో కనిపిస్తే మత్స్య శాఖకు తెలియజేయండి. దోమల కోసం వదిలే గంబూసియా చేప కప్ప గుడ్లను, నాటు చేపల పిల్లలను కూడా తింటుంది. నీరు బాగుంటే ఆ దోమ పిల్లలను తినడానికి మన నాటు చేపలు, తూనీగ పిల్లలు, కప్పలు చాలు.

తొమ్మిదో అడుగు: గాయపడిన పక్షి, చనిపోయిన పక్షి

తెగిన వలలు, గాలపు దారాలు, పతంగి మాంజా ఎక్కువగా ప్రాణాలు తీస్తాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా సంక్రాంతి తరువాత చెట్ల నిండా అదే. కట్ట మీద నడిచినప్పుడల్లా సంచిలో చిన్న కత్తెర ఉంచుకుని కనిపించిన ప్రతి దారాన్నీ చుట్టి తెచ్చేయండి.

చిక్కుకున్న పక్షిని లాగకండి. దారాన్ని రెండు వైపులా కత్తిరించి, పక్షి మీద పలుచని తువ్వాలు కప్పి, తల పూర్తిగా మూసి పట్టుకోండి. చీకటైతే అది కుదుటపడుతుంది. కొంగ ముక్కు సూటిగా కంటికే వస్తుంది కాబట్టి ముఖం దూరంగా పెట్టండి. ముక్కు రంధ్రాలు మూయకుండా ముక్కును మెల్లగా పట్టుకోవచ్చు. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో, చప్పుడు లేని చోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఫొటోల కోసం చేతులు మార్చకండి. అటవీ రేంజి కార్యాలయానికి, పశువుల సంచార వైద్యశాల నంబరు 1962కి ఫోను చేయండి. ఇంట్లో పెంచుకోవడం చట్టరీత్యా నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూడు చెరపడం, గుడ్లు తీయడం కూడా వేట కిందికే వస్తాయి.

గూటి నుంచి పడిన పిల్ల గాయం లేకుండా ఉంటే, ఎక్కి పెట్టగలిగిన ఎత్తైతే తిరిగి గూట్లో పెట్టవచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ.

ఒకేచోట ఎక్కువ పక్షులు చచ్చి కనిపిస్తే ఎవరూ ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి గుర్తుంచుకోండి. కుక్కలను దూరంగా తోలి, చోటు ఫొటో తీసి, పశుసంవర్ధక శాఖకు, అటవీ శాఖకు ఒకేసారి చెప్పండి. నమూనాలు తీయడం వాళ్ల పని.

పదో అడుగు: మురుగు, ఆక్రమణ, కాగితం

ఇది అందరికీ ఇష్టం లేని భాగం, కాని చెరువులు చచ్చేది ఇక్కడే. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో పది హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు ఖాళీ వదలాలని ఉంది. మట్టి పోయడం ఎప్పుడూ రాత్రుళ్లు, కొద్దికొద్దిగా జరుగుతుంది. నెలనెలా అవే నాలుగు చోట్ల నిలబడి, అదే దిక్కుకు ఫొటో తీసి తేదీ వేసి దాచండి. ఆరు నెలల ఫొటోలు పక్కపక్కన పెడితే వాదన అక్కర్లేదు. ఫిర్యాదులో మనుషుల పేర్లు, తిట్లు వద్దు. సర్వే నంబరు, తేదీ, ఫొటో, ఏం జరిగిందో రెండు వాక్యాలు. తహశీల్దారుకు, నీటిపారుదల శాఖకు, పంచాయతీకి ఒకేసారి ఇవ్వండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఆక్రమించినవారితో బృందం నేరుగా గొడవకు దిగొద్దు, ముఖ్యంగా రాత్రిపూట ఒంటరిగా వెళ్లొద్దు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. చాలా ఊళ్లలో ఆ రిజిస్టర్ ఎవరూ తెరవని ఫైలుగా ఉండిపోయింది. కార్యదర్శిని అడిగి చూడండి. మీ చెరువు పక్షులు, చేపలు, చెట్లు అందులో నమోదై ఉన్నాయా? లేకపోతే మీ ఏడాది లెక్కను గ్రామసభలో చదివి వినిపించి చేర్పించండి. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. నగర పరిధిలోని జలాశయానికి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. పక్షుల లెక్కలు ముందే చేతిలో ఉండటం అలాంటి చోట ఎంత బలమో వేరే చెప్పనక్కర్లేదు. గుర్తింపుతో పని అయిపోదు, కాపలా కొనసాగాల్సిందే. కాని కాగితం మీద చెరువు ఉన్నట్టు రుజువు లేకపోతే కాపలాకు కూడా చోటు మిగలదు.

డబ్బు విషయం చివరగా. చేతి తొడుగులు, తాడు, కత్తెర, పుస్తకం, తెప్ప కూలి తప్ప పెద్ద ఖర్చులు లేవు. విరాళం తీసుకుంటే ఎంత వచ్చింది, ఎందుకు పోయింది అన్నది పంచాయతీ గోడ మీద అతికించండి. టీషర్టులకు, బ్యానర్లకు ఖర్చు పెట్టకండి. లెక్క పుస్తకానికి ప్రతి మే నెల చివర నకలు తీసి ఒకటి పంచాయతీకి, ఒకటి ఊరి బడికి ఇవ్వండి. మీరు ఊరు మారినా, బృందం మారినా, తరువాత వచ్చేవాళ్లు ఆ పుస్తకంలో ఖాళీగా ఉన్న పేజీ నుంచి పని మొదలుపెట్టవచ్చు.